మెమరీ నిండుకున్న వేళ

ఇంట్లో బియ్యం అయిపోతే తెలుగువాళ్లు 'లేవు' అనరు, 'నిండుకున్నాయి' అంటారు. అశుభం పలకకూడదని పుట్టిన ఆ మాట కంప్యూటర్ మెమరీ విషయంలో అక్షరాలా నిజం. అక్కడ నిండటమూ అయిపోవటమూ ఒకటే. నడుస్తున్న ప్రోగ్రాం ఇంకాస్త చోటు అడుగుతుంది. ఇవ్వడానికి రన్‌టైమ్ దగ్గర ఏమీ ఉండదు. రన్‌టైమ్ అంటే భాషకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నడుమ నిలబడి మెమరీ కేటాయింపు, గార్బేజ్ కలెక్షన్, ఎక్సెప్షన్ల వ్యవహారం చూసుకునే పొర. చోటు లేదని తేలిన ఆ క్షణాన అది ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు అరవై ఏళ్లుగా జవాబులు పోగుపడుతున్నాయి. 'అడిగినవాడికి నిజం చెప్పు, ఏం చేయాలో వాడే తేల్చుకుంటాడు' అన్నది ఒక పక్షం. 'చెప్పి లాభం లేదు, ప్రోగ్రాంను అక్కడే ఆపి మళ్లీ మొదలుపెట్టు' అన్నది ఇంకో పక్షం. సీ నుంచి రస్ట్ దాకా ప్రతి తరమూ ఈ తగవును తిరగదోడింది. రెండు వాదనల్లోనూ బలముంది. అయినా తగవు తెగడం లేదంటే, ఒకే ప్రశ్న అనుకుంటున్నదాంట్లో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మెమరీ లేదన్న సంగతి ఎవరికి తెలియాలి? తెలిశాక ఏదైనా చేయగల స్థితిలో ఎవరున్నారు? దేన్ని వదులుకుంటే మిగిలినదాన్ని నమ్మవచ్చు? వివిధ భాషల జవాబులను ఈ మూడింటి వెలుగులో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

## మిగతా లోపాల వరసలో చేరదు

ఫైలు దొరక్కపోవడం, నెట్‌వర్క్ తెగిపోవడం కూడా లోపాలే. వాటిని పట్టుకుని సర్దుకోవడం ప్రోగ్రామర్లకు అలవాటు. మెమరీ లోపం వాటికంటే భిన్నం కావడానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, సర్దుబాటుకు కూడా మెమరీ కావాలి. లోపాన్ని వివరించే సందేశం కూర్చాలన్నా, లాగ్‌లో ఒక వరస రాయాలన్నా, స్టాక్ ట్రేస్ పోగుచేయాలన్నా కొత్తగా చోటు అడగాల్సిందే. లేదన్న మాట చెప్పడానికే సరుకు లేని పరిస్థితి ఇది.

రెండోది, తిన్నవాడొకడు, దొరికినవాడొకడు. ఒక థ్రెడ్ పెద్ద ఫైలు మొత్తాన్ని హీప్‌లోకి, అంటే ప్రోగ్రాం నడుస్తూ కేటాయించుకునే మెమరీలోకి, లాక్కుని రెండు గిగాబైట్లు ఆక్రమించి ఉంటుంది. ఆ తర్వాత నలభై బైట్లు అడిగిన అమాయకపు థ్రెడ్‌కు లోపం తగులుతుంది. అక్కడ ఎంత చక్కటి సర్దుబాటు కోడ్ రాసినా అసలు దోషికి ఆ కబురే అందదు.

మూడోది, ఇది ఎక్కడైనా రావచ్చు. ఆధునిక భాషల్లో రెండు స్ట్రింగ్‌లు కలిపినా, జాబితాకు ఒక అంశం చేర్చినా, ఒక ఫంక్షన్‌ను విలువగా పంపినా తెర వెనక కేటాయింపు జరుగుతుంది. ఖాతాలో ఒక వైపు తీసివేసి ఇంకో వైపు కలిపే లోపు మధ్యలో లోపం వస్తే లెక్క తప్పిన స్థితిలోనే ప్రోగ్రాం మిగులుతుంది.

వీటికి తోడు, లోపాలు సర్దే కోడ్‌ను ఎవరూ సరిగా పరీక్షించరన్న పాత చేదు నిజం ఉండనే ఉంది. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్ వంటి అయిదు పంపిణీ వ్యవస్థల్లోని 198 వైఫల్యాలను విశ్లేషించి 2014లో ఒక పత్రం వెలువరించారు. ఘోర వైఫల్యాల్లో 92 శాతానికి మూలం, ప్రాణాంతకం కాని లోపాలను తప్పుగా సర్దడమేనని వారు తేల్చారు. సాధారణ లోపాల విషయంలోనే ఇలా ఉంటే, ఏడాదికోసారి కూడా ఎదురుకాని మెమరీ లోపం సంగతి చెప్పనక్కర్లేదు.

## అరవై ఏళ్ల నడక

సమస్య గార్బేజ్ కలెక్షన్ అంత పాతది. లిస్ప్ భాషను పరిచయం చేస్తూ జాన్ మెకార్తీ 1960లో రాసిన పత్రంలోనే ఒక హెచ్చరిక ఉంది. వాడని చోటును తిరిగి పోగుచేయడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి, ప్రతిసారీ చెప్పుకోదగ్గంత చోటు తిరిగి రాకపోతే ప్రోగ్రాం తన కాలంలో చాలా భాగం ఊడ్చుకోవడానికే ఖర్చుచేస్తుందన్నది దాని సారాంశం. దశాబ్దాల తర్వాత జావా వర్చువల్ మెషీన్‌లోని ఒక కలెక్టర్ ఇదే ఆలోచనకు అంకెలు తొడిగింది. కాలంలో 98 శాతానికి పైగా గార్బేజ్ కలెక్షన్‌కే పోతూ, హీప్‌లో 2 శాతం కూడా ఖాళీ కాకపోతే, ఇంకా కాస్త చోటు మిగిలి ఉన్నా సరే 'మెమరీ అయిపోయింది' అని అది ప్రకటిస్తుంది.

రన్‌టైమ్ స్థాయిలో ఈ లోపాన్ని నిబ్బరంగా తట్టుకున్న ఉదాహరణల్లో అపోలో 11 ప్రసిద్ధమైనది. ఆ నౌకలోని గైడెన్స్ కంప్యూటర్‌లో చెరిపి రాయగల మెమరీ 2,048 వర్డ్‌లు. హాల్ లానింగ్ రూపొందించిన ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాం ప్రతి పనికీ 'కోర్ సెట్' అనే చిన్న మెమరీ ముక్కను కేటాయించేది. 1969 జూలై 20న చంద్రుడి మీదికి దిగుతుండగా రాడార్ నుంచి వచ్చిన అక్కరలేని సంకేతాలు కంప్యూటర్ కాలాన్ని తినేశాయి. పనులు పూర్తికాక పేరుకుపోయి కోర్ సెట్లు అయిపోయాయి. 1202 అలారం అర్థం అదే. 1201 అలారం మరో రకం మెమరీ ముక్కలు అయిపోయాయని చెప్పేది. అలారం మోగినప్పుడల్లా కంప్యూటర్ తనను తాను రీస్టార్ట్ చేసుకుంది. దిగడానికి అవసరమైన పనులను మాత్రం అవి ఆగిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకుంది, తక్కినవాటిని వదిలేసింది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం భూమి మీద ఉండగానే జరిగిపోయింది.

తర్వాతి దశాబ్దాల్లో భాషలు ఈ లోపానికి పేర్లు పెట్టాయి. సీలో చోటు దొరక్కపోతే 'మాలాక్' ఫంక్షన్ నల్ పాయింటర్ ఇస్తుంది. 1983 నాటి ఏడా భాష దీనికి 'స్టోరేజ్ ఎర్రర్' అనే ప్రత్యేక ఎక్సెప్షన్ ఇచ్చింది. 1994లో ప్రామాణికమైన కామన్ లిస్ప్ 'స్టోరేజ్ కండిషన్'ను మామూలు ఎర్రర్ల వర్గంలో చేర్చకుండా 'తీవ్ర పరిస్థితి' అనే పై వర్గం కింద విడిగా ఉంచింది. ప్రోగ్రాం తప్పు లేకుండానే వచ్చే కష్టమిది అన్న గుర్తింపు ఆ వర్గీకరణలో ఉంది. జావా కూడా దీన్ని మామూలు ఎక్సెప్షన్ల నుంచి వేరుచేసి వర్చువల్ మెషీన్ లోపాల సరసన పెట్టింది. పేరు పెట్టడం దాకా అందరూ ఒక్క దారినే నడిచారు. చీలికలు ఆ తర్వాతివి.

## మొదటి దారి: అడిగినవాడికే చెప్పడం

ఈ పక్షం వాదన సూటిగా ఉంటుంది. ఒక ఫొటో తెరవడానికి చోటు చాలకపోతే ఆ ఫొటో తెరవలేమని చెప్పాలే గాని, వాడుకరి రాసుకున్న పది పేజీలను కూల్చేయకూడదు. ఏది వదులుకోవచ్చో తెలిసింది అడిగిన కోడ్‌కే కాబట్టి కబురు దానికే చేరాలి.

ఇప్పటి భాషల్లో ఈ వాదనను చివరిదాకా తీసుకెళ్లింది జిగ్. దాని ప్రామాణిక లైబ్రరీలో మెమరీ కావాల్సిన ఫంక్షన్ ఎలొకేటర్‌ను బాహాటంగా తీసుకుంటుంది. చోటు దొరకకపోవడం ఫంక్షన్ ఇచ్చే ఫలితంలో ఒక భాగంగా కనిపిస్తుంది. లువా రన్‌టైమ్‌లోనూ మెమరీ లోపానికి విడి కోడ్ ఉంది. 5.2 వెర్షన్ నుంచి, కేటాయింపు విఫలమైతే లువా ముందు అత్యవసరంగా గార్బేజ్ కలెక్షన్ నడిపి, మళ్లీ ప్రయత్నించి, అప్పటికీ కుదరకపోతేనే లోపం చెబుతుంది.

ఈ దారిలో నడిస్తే ఎంత శ్రమపడాలో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ చూపించింది. దాని పరీక్షల్లో మొదట ఒకటో కేటాయింపు విఫలమైనట్టు నటిస్తారు, తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది. పని మొత్తం ఏ వైఫల్యమూ లేకుండా పూర్తయ్యేదాకా ఇలా ఒక్కో మెట్టు ఎక్కుతారు. ఒక్కసారే విఫలమయ్యే పరిస్థితినీ, అక్కడి నుంచి అన్నీ విఫలమయ్యే పరిస్థితినీ వేర్వేరుగా పరీక్షిస్తారు. ఇంత ఓపిక ఉన్నవారికి ఈ దారి పనిచేస్తుంది. లేనివారి చేతిలో అది పరీక్షించని వేల కొమ్మల అడవి.

## రెండో దారి: అక్కడే ఆపేయడం

గ్నోమ్ డెస్క్‌టాప్‌కు పునాది అయిన జీలిబ్‌లో మామూలు కేటాయింపు విఫలమైతే ప్రోగ్రాం ఆగిపోతుంది. విఫలమైనా ఫర్వాలేదనుకునేవారికి విడిగా 'ట్రై' రకం ఫంక్షన్లున్నాయి. గో భాషలో హీప్ పెరగడానికి చోటు దొరక్కపోతే వచ్చే లోపం 'రికవర్'కు చిక్కదు, ప్రాసెస్ మొత్తం ముగుస్తుంది. రస్ట్ ప్రామాణిక లైబ్రరీలోని వెక్టర్లు, స్ట్రింగ్‌లు కూడా చోటు దొరక్కపోతే మామూలుగా ప్రాసెస్‌ను ఆపేస్తాయి.

ఈ పక్షానికి రెండు గట్టి వాదనలున్నాయి. ఒకటి భద్రత. నల్ పాయింటర్‌ను సరిచూడకుండా దానికి పెద్ద అంకె కలిపి వాడే కోడ్ దాడిచేసేవారికి తలుపు తెరుస్తుంది. అందుకే బ్రౌజర్లు చాలావరకు కేటాయింపు విఫలమైన చోటే కూలిపోవడాన్ని ఎంచుకున్నాయి. ఫైర్‌ఫాక్స్ మామూలు కేటాయింపులకు ఈ పద్ధతి పెట్టి, వెబ్ పేజీ నిర్ణయించే పెద్ద పరిమాణాలకు మాత్రం విఫలం కాగల రకాన్ని ఉంచుకుంది. రెండో వాదన 2003లో జార్జ్ కాండియా, ఆర్మాండో ఫాక్స్ ప్రతిపాదించిన 'క్రాష్ ఓన్లీ సాఫ్ట్‌వేర్' నుంచి వచ్చింది. ఎలాగూ కరెంటు పోయినప్పుడు కోలుకోవడం తెలిసి ఉండాలి కాబట్టి, ఆపడానికి కూలడమే ఏకైక మార్గంగా పెట్టుకుంటే కోలుకునే కోడ్ రోజూ పరీక్షకు నిలుస్తుందని వారి తర్కం.

జావా ప్రపంచం అనుభవం మీద ఇటువైపు జరిగింది. మెమరీ లోపం తగిలిన థ్రెడ్ చనిపోయి మిగతా థ్రెడ్లు బతికే ఉంటే, సర్వర్ పైకి నడుస్తున్నట్టే ఉండి లోపల సగం చచ్చి ఉంటుంది. ఈ బాధ పడలేక నిర్వాహకులు బయటి స్క్రిప్టులతో ప్రాసెస్‌ను చంపించేవారు. 2016లో జావా 8 నవీకరణ 92 మొదటి లోపానికే ప్రాసెస్ ముగిసే ఐచ్ఛికాన్ని వర్చువల్ మెషీన్‌లోనే చేర్చింది.

అయితే లినక్స్ కెర్నెల్ గడప దగ్గర రస్ట్‌కు ఈ దారి మూసుకుపోయింది. 2021 ఏప్రిల్‌లో కెర్నెల్‌లోకి రస్ట్‌ను తెచ్చే ప్రతిపాదన వచ్చినప్పుడు, కేటాయింపు విఫలమైతే పానిక్ కావడం, అంటే అక్కడికక్కడే ఆగిపోవడం, కెర్నెల్‌లో కుదరదని లైనస్ టోర్వాల్డ్స్ అభ్యంతరం చెప్పారు. కెర్నెల్ ఆగితే దాన్ని రీస్టార్ట్ చేసే పైవాడు ఎవరూ ఉండరు. కెర్నెల్ కోసం రాసిన రస్ట్‌లో ప్రతి కేటాయింపూ విఫలం కావచ్చన్న సంగతి ఫంక్షన్ రూపంలోనే కనిపించేలా మార్చుకున్నారు. మామూలు రస్ట్‌లోనూ 2021 డిసెంబరు నాటి 1.57 వెర్షన్ 'ట్రై రిజర్వ్'ను స్థిరపరిచింది. ఒకే భాష రెండు పక్షాల్లోనూ నిలబడాల్సి వచ్చింది.

## మూడో దారి: గదులుగా విడదీయడం

మొత్తం ఇల్లు కూలకుండా ఒక గదిని మాత్రం వదులుకోగలిగితే? వెబ్ ప్రోగ్రామర్లలో చాలామంది పేరు పెట్టకుండానే ఈ దారిలో ఉన్నారు. పీహెచ్‌పీలో ఒక్కో స్క్రిప్టుకు మెమరీ హద్దు ఉంటుంది, మామూలు అమరికలో 128 మెగాబైట్లు. దాటితే ఆ అభ్యర్థన ముగుస్తుంది. దాని మెమరీ అంతా ఒక్కపెట్టున తిరిగి వస్తుంది. తర్వాతి సందర్శకుడికి ఆ సంగతే తెలియదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇదే పనిని మరింత నేర్పుగా చేస్తుంది. అది మెమరీని 'కాంటెక్స్ట్'లుగా విడగొడుతుంది. చోటు దొరక్కపోతే ఆ లావాదేవీ రద్దవుతుంది, దాని కాంటెక్స్ట్‌లు మొత్తంగా ఖాళీ అవుతాయి. లోపాన్ని నివేదించడానికి కావాల్సిన కాస్త చోటును ఒక ప్రత్యేక కాంటెక్స్ట్‌లో ముందే దాచి ఉంచుతుంది. లావాదేవీని రద్దుచేసే యంత్రాంగం డేటాబేస్‌లో రోజూ నలిగే దారి కాబట్టి మెమరీ లోపానికి విడిగా కొత్త దారి వేయాల్సిన పని లేకపోయింది.

ఎర్లాంగ్ భాషలో ప్రతి చిన్న ప్రాసెస్‌కూ సొంత హీప్ ఉంటుంది. 2016లో వచ్చిన ఎర్లాంగ్ వెర్షన్ ఓటీపీ 19 ఆ హీప్‌కు గరిష్ఠ పరిమాణం పెట్టే వీలు కల్పించింది. హద్దు దాటిన ప్రాసెస్ చనిపోతే పర్యవేక్షక ప్రాసెస్ దాన్ని మళ్లీ లేపుతుంది. ఇక్కడా గోడల్లో కంతలున్నాయి. 64 బైట్లు దాటిన బైనరీలు ప్రాసెస్ హీప్‌లో కాక ఉమ్మడి చోటులో ఉంటాయి. వర్చువల్ మెషీన్‌కే చోటు దొరక్కపోతే క్రాష్ డంప్ రాసి మొత్తం ముగుస్తుంది.

ఈ దారిలో అతి పెద్ద ప్రయత్నం డాట్‌నెట్‌ది. 2005లో ఎస్‌క్యూఎల్ సర్వర్ లోపల డాట్‌నెట్ కోడ్ నడపాల్సి వచ్చినప్పుడు, ఎవరో రాసిన ఫంక్షన్ మెమరీ తిన్నందుకు డేటాబేస్ కూలకూడదు. దానికోసం యాప్ డొమెయిన్ మొత్తాన్ని దించేసే విధానాలు, కీలకమైన కోడ్‌కు కావాల్సినవన్నీ ముందే సిద్ధంచేసే ప్రత్యేక ప్రాంతాలు, మెమరీ సరిపోతుందో లేదో పని మొదలుపెట్టేముందే తెలుసుకునే తరగతి వచ్చాయి. తర్వాతి డాట్‌నెట్ కోర్‌లో యాప్ డొమెయిన్లూ, ఆ ప్రత్యేక ప్రాంతాలూ కొనసాగలేదు. గది కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ప్రాసెస్‌నో కంటెయినర్‌నో వాడుకోవడం తేలికని లోకం తేల్చుకుంది.

## నాలుగో దారి: ముందే సర్దుకోవడం

మిగతా మూడు దారులూ చేతులు కాలాక ఆకులు పట్టుకునేవే. నాలుగో పక్షం దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటుంది. ఇందులో మూడు అంచెలున్నాయి.

మొదటి అంచె, కొంత దాచిపెట్టడం. పైథాన్ రన్‌టైమ్ సీపైథాన్, జావా వర్చువల్ మెషీన్ హాట్‌స్పాట్ రెండూ మెమరీ లోపాన్ని తెలిపే ఆబ్జెక్టులను ముందే తయారుచేసి ఉంచుకుంటాయి. ఈమాక్స్ కొంత అదనపు మెమరీని పక్కన పెట్టుకుని, చోటు అయిపోయినప్పుడు దాన్ని వదిలి, రాసింది భద్రపరుచుకుని బయటపడమని వాడుకరికి చెబుతుంది.

రెండో అంచె, ఒత్తిడిని పసిగట్టడం. జావాలోని సాఫ్ట్ రెఫరెన్సులు మెమరీ లోపం విసిరేలోపు తప్పక ఖాళీ అవుతాయి. ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ యాప్‌లకు ముందస్తు హెచ్చరికలు పంపే ఏర్పాట్లు చేశాయి. 2022 ఆగస్టులో వచ్చిన గో 1.19 మెమరీకి మెత్తని హద్దు పెట్టుకునే వీలు కల్పించింది. హద్దు దగ్గరపడే కొద్దీ గార్బేజ్ కలెక్టర్ ఎక్కువసార్లు నడుస్తుంది. అయితే ప్రాసెసర్ కాలంలో దాదాపు సగానికి మించి తినకుండా దానికీ కళ్లెం ఉంది, కాబట్టి అవసరమైతే హద్దు దాటుతుంది. మెకార్తీ హెచ్చరించిన ఊబిలో దిగబడకుండా ఈ జాగ్రత్త.

మూడో అంచె, అసలు అడగకపోవడం. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో ప్రకటించిన పది నియమాల్లో మూడోది, ఆరంభ దశ ముగిశాక కొత్తగా మెమరీ కేటాయించుకోకూడదని. ప్రాణాల మీదికి వచ్చే వ్యవస్థల్లో ఇది పాటించదగ్గ నియమమే. రేపు ఎంతమంది వస్తారో తెలియని వెబ్ సర్వర్‌కు మాత్రం పూర్తిగా నప్పదు.

## కింద నేల గట్టిదేనా?

ఈ నాలుగు దారులకూ ఒకే పునాది, చోటు లేనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ 'లేదు' అని నిజం చెబుతుందన్న నమ్మకం. లినక్స్ మామూలు అమరికలో ఆ నమ్మకం నిలవదు. పెళ్లికి వెయ్యిమందిని పిలిచి, అందరూ రారన్న లెక్కతో తక్కువమందికి వండినట్టు, లినక్స్ ఉన్నదానికి మించి మాట ఇస్తుంది. మెమరీ పేజీని నిజంగా తాకినప్పుడే చోటు సమకూరుస్తుంది. ఫోర్క్ చేసిన ప్రాసెస్ తల్లి మెమరీ అంతా నకలు తీసుకోదు కాబట్టి ఈ ధీమా తరచు ఫలిస్తుంది. ఫలించని రోజున, మెమరీ అయిపోయినప్పుడు రంగంలోకి దిగే కెర్నెల్ భాగమైన ఓఓఎమ్ కిల్లర్ ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని చంపుతుంది. చంపబడినదానికి నల్ పాయింటరూ లేదు, ఎక్సెప్షనూ లేదు. కంటెయినర్ల నిర్వాహకులకు మిగిలేది 137 అనే నిష్క్రమణ సంఖ్య.

అందుకే సర్వర్‌లో ఉన్నదానికి మించి మాట ఇవ్వని అమరిక పెట్టుకోమని పోస్ట్‌గ్రెస్ సూచిస్తుంది. విండోస్ మొదటి నుంచీ ఇచ్చిన మాటకు లెక్క ఉంచుతుంది. లినక్స్ కెర్నెల్ లోపలే 2014లో ఇలాంటి చర్చ రేగింది. చిన్న కేటాయింపులు ఆచరణలో దాదాపు విఫలమే కావనీ, కాబట్టి వాటికోసం రాసిన సర్దుబాటు కోడ్ ఏనాడూ నడవలేదనీ ఫైల్ సిస్టమ్ రచయితలు గ్రహించారు. ఇటీవలి మొగ్గు హెచ్చరికల వైపు ఉంది. 2018 డిసెంబరు నాటి లినక్స్ 4.20 మెమరీ కోసం పనులు ఎంతసేపు ఆగిపోతున్నాయో కొలిచి చూపే ఏర్పాటు తెచ్చింది. కిల్లర్ రాకముందే భారం దించుకునే అవకాశం దానివల్ల కలిగింది.

## పోల్చి చూస్తే

- అడిగినవాడికి చెప్పడం: నష్టం అన్నిటికంటే తక్కువ, శ్రమ అన్నిటికంటే ఎక్కువ. కెర్నెల్, డేటాబేస్ ఇంజిన్, ఇతరులు వాడే లైబ్రరీ, చిన్న పరికరాల రన్‌టైమ్‌లకు నప్పుతుంది. సిస్టమ్ నిజం చెప్పని చోట విలువ తగ్గుతుంది.
- అక్కడే ఆపేయడం: కోడ్ సులువు, భద్రత మెరుగు. ఆగినదాన్ని లేపేవాడు ఒకడుండాలి, పోకూడనిది డిస్క్ మీద ఉండాలి.
- గదులుగా విడదీయడం: నష్టమూ శ్రమా మధ్యస్థం. గోడలు నిజంగా గోడలైతేనే. ఉమ్మడి వస్తువులు ఎంత పెరిగితే రక్షణ అంత తగ్గుతుంది.
- ముందే సర్దుకోవడం: మిగతా మూడింటికీ తోడు, ఏ ఒక్కదానికీ బదులు కాదు. హద్దు అంచనా తప్పితే నెమ్మదితనం రూపంలో మూల్యం చెల్లించాలి.

ఒక్క పెద్ద కేటాయింపుకూ వేల చిన్న కేటాయింపులకూ తేడా ఉందన్న విషయంలో మాత్రం అన్ని పక్షాలూ దాదాపు ఏకమవుతున్నాయి. వాడుకరి ఇచ్చిన అంకె మేరకు ఒక గిగాబైటు అడిగి, దొరకలేదంటే మర్యాదగా వెనక్కి తగ్గవచ్చు. అప్పటికి మెమరీ నిజంగా నిండుకోలేదు, ఆ కోరికే పెద్దది. ముప్పై రెండు బైట్లు కూడా దొరకని స్థితి వేరు. 'ట్రై' ఫంక్షన్లన్నీ మొదటిదానికి నప్పే ఉపాయాలు.

## ఇంకా తేలనివి

సీ ప్లస్ ప్లస్‌లో మామూలు పద్ధతి ఏది కావాలన్నది తేలలేదు. మెమరీ లోపాన్ని మిగతా ఎక్సెప్షన్ల నుంచి విడదీసి, ప్రోగ్రాం ఆగిపోవడాన్నే మామూలు పద్ధతి చేయాలని హెర్బ్ సటర్ 2018లో ప్రతిపాదించారు. ఇప్పటికే లోపాన్ని పట్టుకుని నడుస్తున్న కోడ్ సంగతేమిటన్నది ఎదురు ప్రశ్న. ప్రమాణం ఇంకా పాత దారిలోనే ఉంది.

ఉమ్మడి హీప్‌లో ఎవరెంత తిన్నారో లెక్కగట్టడం రెండో చిక్కు. రెండు పనులు ఒకే ఆబ్జెక్టును పట్టుకుని ఉంటే దాని బరువు ఎవరి ఖాతాలో వేయాలి? ఈ లెక్క తేలనంత కాలం జావా, గో వంటి భాషల్లో ప్రాసెస్‌కంటే చిన్న గది కట్టడం కష్టమే.

మూడోది పాత ప్రశ్నకు కొత్త వేషం. కృత్రిమ మేధ శిక్షణలో వాడే గ్రాఫిక్స్ కార్డుల మెమరీ విషయంలో సాధారణంగా ఉన్నదానికి మించి మాట ఇవ్వడం ఉండదు. చోటు లేకపోతే లేదనే చెబుతుంది. ఆ శిక్షణలో వాడే పైటార్చ్ లైబ్రరీ ముందు తాను దాచుకున్న ఖాళీ ముక్కలను వదిలి మళ్లీ ప్రయత్నించి, కుదరకపోతే ఎక్సెప్షన్ విసురుతుంది. దాన్ని పట్టుకుని బ్యాచ్ పరిమాణాన్ని సగం చేసి మళ్లీ నడపడం అక్కడ మామూలు అలవాటైపోయింది. కాలం చెల్లిందనుకున్న మొదటి దారి ఇలా కొత్త తరం చేతికి వచ్చింది.

రీస్టార్ట్‌ను ఎంతవరకు నమ్మవచ్చన్నది నాలుగోది. 2004 జనవరిలో అంగారకుడి మీద స్పిరిట్ రోవర్ కథ దీనికి గట్టి పాఠం. ఫ్లాష్ మెమరీలో ఫైళ్లు పెరిగే కొద్దీ వాటి జాబితా కోసం ర్యామ్‌లో ఎక్కువ చోటు కావాల్సి వచ్చింది. జనవరి 21 నాటికి ఆ చోటు చాలలేదు. కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. లేవగానే అదే ఫ్లాష్‌ను చదవబోయి, అదే చోటు చాలక మళ్లీ రీస్టార్ట్ అయింది. ఇలా అరవైకి పైగా సార్లు జరిగింది. ఫ్లాష్‌ను ముట్టకుండా లేవమని భూమి నుంచి ఆదేశం పంపాకే అది దారికొచ్చింది.

అపోలో కంప్యూటరూ రీస్టార్టే అయింది, స్పిరిట్ కంప్యూటరూ రీస్టార్టే అయింది. మొదటిది లేచేటప్పుడు బరువును కింద పడేసి లేచింది. రెండోది అదే బరువును నెత్తిన పెట్టుకుని లేచింది. రన్‌టైమ్ నల్ పాయింటర్ ఇస్తుందా, ఎక్సెప్షన్ విసురుతుందా, ప్రాసెస్‌ను ఆపేస్తుందా అన్న తగవు ఇంకొన్నేళ్లు సాగవచ్చు. ఏ భాషను ఎంచుకున్నా, చోటు చాలని రోజున మొదట దేన్ని దింపాలో రాసిపెట్టుకోని వ్యవస్థకు ఆ మూడింటిలో ఏదీ అక్కరకు రాదు.